నరం దొరకాలంటే

చలి కోవూరులో మొదలవదు,
పడుగుపాడులోనూ కాదు.
పెన్నా వంతెన మీద మొదలవుతుంది.
అంతదాకా ఉన్నదంతా వట్టి చల్లదనం.
వంతెన ఎక్కాక గాలికి అడ్డం లేదు,
అటూ ఇటూ తెరిచిపెట్టిన తలుపు నది.
నా వేళ్లు బ్రేకు మీదే ఉన్నాయని
కళ్లతో చూసుకుని తెలుసుకుంటాను.

అయిదుంపావు. కార్తీకం వెళ్లి వారమైంది,
ముసురు మాత్రం వెళ్లలేదు.
సీటు కింద ఐసుపెట్టె, ట్యూబులు, దూది,
పరగడుపున ఎదురుచూసే పదకొండు ఇళ్ల చిరునామాలు.

మొదటి ఏడాది చేతులకు బ్రెడ్డు కవర్లు కట్టుకున్నాను.
లోపల చెమట, బయట వాన,
మణికట్టు మీద రబ్బరుబ్యాండు గాట్లు.
రెండో ఏడాది మావాడి సాక్సులు.
స్టోన్‌హౌస్‌పేట రాకముందే
తడిసిన కుక్కపిల్లలు రెండు
హ్యాండిలు కరుచుకున్నట్టు ఉండేవి.
ట్రంకురోడ్డులో నూటఇరవై పెట్టి ఉన్ని గ్లవ్స్ కొన్నాను.
ఎండకు బాగానే పనిచేశాయి.

మెకానిక్కు మస్తానన్న విని నవ్వలేదు.
"చేతికి కాదుమ్మే, బండికి తొడగాల" అని
అయిదు లీటర్ల నూనె డబ్బా నడిమికి కోసి,
అంచులు కొవ్వొత్తితో కాల్చి మొద్దు చేసి,
అద్దాల కాడలకు తీగతో బిగించాడు.
అక్షరాలు తలకిందులు.
తిరుగుదారిలో ఆత్మకూరు బస్టాండు కాడ
ఆటోలోంచి బడిపిల్ల ఒకతి
మెడ వంచి కూడబలుక్కుంటుంది:
శు... ద్ధ... మై... న...

ఇంకో కిటుకుంది, ఎవరికీ చెప్పలేదు.
ల్యాబు ఇచ్చే పల్చటి రబ్బరు తొడుగులు ముందు,
వాటి మీద ఉన్నివి. తడి వేలిదాకా రాదు.
నెలాఖరున సుధాకరు లెక్కపెడతాడు:
పదకొండు మందికి పన్నెండు జతలెందుకమ్మా?
పన్నెండో మనిషి నేనేనని చెప్పను.
నవంబరు నించి జనవరి దాకా
రక్తం ఇవ్వని రోగిని ఒకర్తిని
ఆ లెక్కల్లో దాచిపెట్టాను.

ఈ తిప్పలన్నీ నా కోసమే కాదు.
చల్లటి వేలు తగిలితే నరం లోపలికి పోతుంది,
తాకితే నత్త కొమ్ము పోయినట్టు.
నిద్రమొహాన చెయ్యి చాపిన మనిషి
సూదికి కాదు, నా వేలికి ఉలిక్కిపడతాడు.
తొడుగు మార్చుకున్నా చలి తెలిసిపోతుంది.
మూలాపేటలో ఒకాయన
"పీనుగ పట్టుకున్నట్టుందమ్మా" అన్నాడు.
ఆయన భార్య పోయి అప్పటికి పక్షం రోజులు.
ఆ రోజు నించి ప్రతి గుమ్మం బయటా
సైలెన్సరుకు జానెడు దూరంలో
చేతులు పెట్టి ఇరవై లెక్కపెడతాను.
వీధికుక్కలు కూడా అలవాటుపడ్డాయి,
వచ్చి పక్కన కూచుంటాయి.

ఇవాళ ఎనిమిదో ఇల్లు, సంతపేట సందు.
పెంచలమ్మ, డెబ్బై ఒకటి, చక్కెర.
రెండు చేతుల్లోనూ నరం జాడ లేదు.
కట్టు బిగించాను, తట్టాను, వదిలాను.
ఆమే లేచి లోపలికి పోయి
పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.
"నేనెట్టా తాగకూడదు గదా.
నువ్వూ తాగబాక. రోంతసేపు పట్టుకో."

పట్టుకున్నాను.
ఆమె చేతులూ వచ్చి నా చేతుల మీద పడ్డాయి,
చలికే, ఇంకేం లేదు.
స్టీలు గ్లాసు చుట్టూ నాలుగు చేతులు.
బయట చూరు నీళ్లు
నూనె డబ్బా మీద టపటపా.

ఎంతసేపటికో
ఆమె ఎడం మోచేతి మడతలో
సన్నగా, నీలంగా
ఒకటి లేచింది.

"దొరికిందా?"
"కదలబాక" అన్నాను.

ట్యూబు మీద పేరు రాసి,
చల్లారిపోయిన టీ
నిలబడే తాగాను.
ఇంకా మూడిళ్లు.